నూట నలభై నాలుగు బొట్లు

1974 జూన్ 10, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల ఐదు నిమిషాలకు రంగు వేసే పనికని ఆయన మా షాపు గడప దాటారు. ఐదు నిమిషాలు ఆలస్యం అని హాజరు పుస్తకంలో రాసింది నేనే. కోయంబత్తూరు పక్కన తుడియలూరులో ఆ రోజుల్లో ఎవరి చేతికీ గడియారం అక్కర్లేదు. మిల్లు సైరనును మేము సంగు అంటాము. అది ఎనిమిదికి ఊదేది, దాని వెంబడే అన్ని షాపుల తలుపులూ తెరుచుకునేవి. మదురై నుంచి ఆ ఉదయమే బస్సు దిగిన మనిషికి మా సంగు లెక్క ఎలా తెలుస్తుందన్న ఆలోచన నాకు రాసిన తరువాత వచ్చింది. అప్పటికి సిరా ఆరిపోయింది. కొట్టివేతలు నా పుస్తకంలో ఉండేవి కావు.

కొత్తగా పనుల్లోకి వెళ్తున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. నేను ఆ షాపులో ముప్పై ఏడేళ్లు పనిచేశాను. అందులో ఇక్కడ చెప్పబోయేది ఎనిమిది నెలల మూడు రోజుల సంగతి. మిగిలిన ముప్పై ఆరేళ్ల పైచిలుకులో చెప్పదగ్గవి లేవని కాదు. రాయడానికి కూర్చుంటే చెయ్యి మాత్రం ఈ ఎనిమిది నెలల దగ్గరికే పోతుంది. మాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నేను ఉద్యోగం మానాకే నేర్చుకున్నాను. కాబట్టి ఎక్కడైనా తమిళం వినబడితే అది మా ఇళ్ల మాట అనుకోండి.

షాపు అంటే సరుకు అమ్మే చోటు అనుకోవద్దు. కోయంబత్తూరులో ఒక లేతు, ఒక డ్రిల్లు ఉన్న ప్రతి రేకుల షెడ్డూ షాపే. మాది కాస్త పెద్ద షెడ్డు. ముందు భాగంలో మిషన్లు, వెనక రంగు వేసే గది. పొలాల్లో బావినీళ్లు తోడే చిన్న ఇంజన్లు అప్పట్లో పెట్రోలుతో మొదలై కిరోసిన్ మీద నడిచేవి. ఆ ఇంజనుకు గాలినీ నూనెనూ కలిపి అందించే పిడికెడు సామాను కార్బురేటర్. దాని ఒళ్లు జింకు పోత. పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో, ఒట్టన్‌చత్రం కూరగాయల చేలలో బావి గట్టు మీద ఎండకూ తడికీ ఉండి ఉండి దాని పైన తెల్లటి పొడి పట్టేది. ఆ పొడి లోపలికి చేరితే రంధ్రాలు పూడుకుపోయి ఇంజను ఆగేది. అందుకని ఇంజన్ల కంపెనీ వాళ్లు కార్బురేటర్లను మా దగ్గరికి పంపి, కిరోసిన్‌కు కరగని, ఎండకు పొట్టు లేవని రంగు వేయించుకునేవారు.

కడగడం, రంధ్రాలు మూయడం ఆడవాళ్ల పని. నలుగురం ఉండేవాళ్లం. ఒక్కో కార్బురేటరుకు పదకొండు రంధ్రాలు. రంగు లోపలికి పోకుండా ఒక్కోదానికి ఒక చిన్న చెక్క బిరడా పెట్టి, రంగు కాల్చిన తరువాత తీసేయాలి. ఎన్ని పెట్టామో అన్నీ తిరిగి రావాలి. ఒక బిరడా లోపల ఉండిపోతే ఎక్కడో ఒక రైతు బావి దగ్గర ఇంజను తాడు లాగి లాగి చేతులు పడిపోతాయి. ఆ లెక్క నాది. కడిగిన తేదీ, గంట, ఆరిన గంట, బిరడాల లెక్క, రంగు వేసిన గంట, ఓవెన్‌లో పెట్టిన గంట, తీసిన గంట అన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో గడులు గీసి రాసేదాన్ని. లెక్కను తమిళంలో కణక్కు అంటారు. అందుకని షాపులో నాకు కణక్కమ్మ అని పేరు పడింది. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. అమ్మ అనిపించుకునే వయసు కాదు, అయినా పేరు నిలిచిపోయింది.

ఆయన రంగు వేయడానికి వచ్చారు. మదురైలో వాళ్ల తాతల కాలం నుంచి గాజుల వ్యాపారం. దుకాణంలో అన్నగారు కూర్చుంటే ఈయన బస్సుల బాడీలకు రంగు వేయడం నేర్చుకున్నారు. వయసు ముప్పై ఒకటి. మాట తక్కువ. స్ప్రే గన్ పట్టుకుంటే మాత్రం ఆ చెయ్యి కదిలే తీరు చూడడానికి మేము బిరడాలు ఆపేవాళ్లం. ఆయన వేసిన రంగు పావురం రెక్కలా ఉండేది, బూడిదలో ఒక చుక్క ఆకుపచ్చ. ఎక్కడా జారేది కాదు, ఎక్కడా పలచబడేది కాదు. షాపులో అందరూ ఆయనను అన్నా అని పిలిచేవారు. అలా పిలవనిది నేనొక్కదాన్నే. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

వచ్చిన రెండో వారంలో ఆయన మాకొక పాఠం చెప్పారు. అప్పుడే కడిగి ఆరబెట్టిన ఒక కార్బురేటరును నా ముందు పెట్టి, దాని మీద బొటనవేలు ఒత్తమన్నారు. ఒత్తాను. ఏమీ కనబడలేదు. దానికి రంగు వేశారు, కాల్చారు. ఆ తరువాత వారం రోజులు పగలు ఎండలో పెట్టి, సాయంత్రం కిరోసిన్‌లో ముంచి, ఉప్పునీళ్ల గుడ్డలో చుట్టి ఉంచమన్నారు. ఎనిమిదో రోజు చూస్తే నా బొటనవేలు ఎక్కడ పడిందో అక్కడ రంగు ఉబ్బి లేచి ఉంది.

“చూసినావా కణక్కమ్మా,” అన్నారు. “నీ వేలిలో ఉండే చెమట అంతే. కంటికి అగుపడలే. లోపల ఉండి పని చేస్తాది.”

ఆ రోజే నేను తమిళంలో పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి గోడకు కట్టాను, కడిగిన సామాను ఒట్టి చేత్తో తాకరాదు అని. మిల్లు నుంచి వచ్చే పాత బనియను గుడ్డతో మా నలుగురికీ, ఆయనకూ చేతి తొడుగులు కుట్టాను. ఆయన వచ్చాక నాలుగు నెలల్లో మా దగ్గర నుంచి పోయిన కార్బురేటర్లలో ఒక్కటి కూడా తిరిగి రాలేదు. షాపు యజమానిని మేము ముదలాళి అనేవాళ్లం. ఆయన మొదటిసారి కంపెనీ వాళ్లకు ఎదురు నిలబడి మాట్లాడడం నేను అప్పుడే చూశాను.

అక్టోబరులో నూట నలభై నాలుగింటి ఆర్డరు వచ్చింది. అంతవరకూ ముప్పై, నలభై కంటే ఎక్కువ రాలేదు. ఇవి బాగుంటే తరువాత ఆరు వందలు ఇస్తామన్నారు. ఆరు వందలంటే రంగు గది రెండింతలు కావడం, ఇంకో ఆరుగురు ఆడవాళ్లకు పని దొరకడం.

ఆయుధ పూజకు ముందు రోజు మధ్యాహ్నం రెండు గంటలకు నూట నలభై నాలుగూ కడగడం అయింది, నాలుగున్నరకు ఆరడం అయింది. పుస్తకంలో అలాగే ఉంది. ఆయన పూజకు మదురై వెళ్లారు. వాళ్ల గాజుల దుకాణంలో పూజ ఇంటి మగవాళ్లందరూ ఉండి చేయాలట.

పూజ రోజు మా షాపులో ముదలాళి తల్లి కూర్చుని అన్నీ నడిపించేది. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్లం, ఆమె మమ్మల్ని కణ్ణూ అనేది, కన్నా అన్నట్టు. కళ్లు సరిగా కనబడకపోయినా ఏ మిషనుకు బొట్టు పెట్టలేదో వాసనతో చెప్పేది. లేతుకు, డ్రిల్లుకు, ఓవెన్‌కు, తాళాలకు, చివరికి నా పుస్తకానికి కూడా గంధం, కుంకుమ పెట్టాం. పళ్లెంలో ఇంకా మిగిలింది. పలకల మీద పన్నెండు వరసల్లో పన్నెండేసి కార్బురేటర్లు ఉన్నాయి.

“వాటికి ఏల పెట్టలే?” అంది అవ్వ.

అవి మన సామాను కాదు, కంపెనీ సరుకు అన్నాను.

“మన చేతికి వచ్చినంక మన బిడ్డలే కణ్ణూ. నోరు లేనివని వదిలేస్తావా? ఇంత పెద్ద ఆర్డరు మొదటి తూరి వచ్చుండాది. పెట్టు.”

పెట్టాను. చేతి తొడుగు తీసి పక్కన పెట్టి, ఉంగరపు వేలితో, ఒక్కోదానికి గంధం మీద కుంకుమ. పై భాగంలో నుదురులాగా ఉండే చదును జాగా ఉంటుంది, సరిగ్గా దాని మధ్యలో. నూట నలభై నాలుగు బొట్లు. వరసకు పన్నెండు అని లెక్కపెట్టుకుంటూ పెట్టాను. అన్నీ అయ్యాక అవ్వ సాంబ్రాణి వేయించింది. ఆ పొగలో అవి నిజంగానే పిల్లల్లా కనబడ్డాయి. గోడ మీది అట్ట నా వీపు వెనకే ఉంది. ఒట్టి చేత్తో తాకరాదని రాసిన మనిషినే నేను. బొట్టు పెట్టడం తాకడం అవుతుందని నాకు తట్టలేదు. నాకే కాదు, అక్కడున్న ఏ ఒక్కరికీ తట్టలేదు. మా ఇళ్లలో ఎవరికీ తట్టదు.

విజయదశమి మరునాడు ఉదయం ఆయన రాకముందే తడిగుడ్డతో, తరువాత పొడిగుడ్డతో నేను అన్నింటినీ తుడిచాను. ఎర్రదనం ఏమాత్రం మిగల్లేదు. ఆయన వచ్చి తొడుగులు వేసుకుని, ఒకదాన్ని వెలుతురులో తిప్పి చూశారు.

“ఎప్పుడు కడిగినవి?”

తేదీ, గంట చెప్పాను.

“మూడు దినాలు అయ్యుండాది. మళ్లా ఒక తూరి కడుగుదామా?”

కడిగే సోడానీళ్ల తొట్టి వేడెక్కాలంటే రెండు గంటలు. కడిగి ఆరేసరికి సాయంత్రం. కంపెనీ వ్యాను ఎల్లుండి పొద్దున వస్తుంది. దుమ్ము పడితే తుడిచాం, చాలు అన్నాను.

“నీ పుస్తకంలో ఉంటే సరి,” అని ఆయన గన్ ఎత్తారు.

పుస్తకంలో కడిగినది ఉంది, ఆరినది ఉంది, తుడిచినది కూడా ఉంది. పూజకు మాత్రం నేను గడి గీయలేదు. పూజ పని కాదు కదా.

ఆ తరువాతి మూడు నెలలను నేను క్లుప్తంగా చెప్తాను, ఎక్కువ చెప్పడం నాకు చేతకాదు. మధ్యాహ్నం సంగు ఊదాక వేపచెట్టు నీడలో అందరం క్యారియర్లు విప్పేవాళ్లం. ఆయన తెచ్చుకున్న పులుసు మా అందరి కూరల కంటే బాగుండేది. ఒక మగవాడు వండుకున్నది ఇంత రుచిగా ఉండడం ఆడవాళ్లకు అవమానమని మాలో ఒకామె రోజూ అనేది, అంటూనే రోజూ గిన్నె చాపేది. సాయంత్రం ఆయన గన్ విప్పి థిన్నర్‌లో కడుగుతూ ఉంటే నేను పక్కనే కూర్చుని ఆ రోజు లెక్క చదివేదాన్ని. చదవాల్సిన అవసరం లేదు. ఆయన వినాల్సిన అవసరమూ లేదు. జనవరి 22, బుధవారం నాడు అలా చదువుతుండగా, తల ఎత్తకుండానే ఆయన అన్నారు.

“మాసి నెలలో మా అక్క కోయంబత్తూరు వస్తాది. మీ ఇల్లు ఎక్కడని అడిగింది.”

మాసి అంటే ఫిబ్రవరి నడుమ మొదలయ్యే తమిళ నెల. మా ఇంటికి ఏ నంబరు బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, దిగాక ఎన్నో సందో చెప్పాను. ఆయన నవ్వారు. ఏల నవ్వుతారని అడిగితే గన్ గొట్టాన్ని మళ్లీ థిన్నర్‌లో ముంచారు.

1975 ఫిబ్రవరి 3, సోమవారం, పదకొండు గంటలకు కంపెనీ వ్యాను వచ్చి ఒక గోనెసంచి దింపింది. అందులో ముప్పై ఒక్క కార్బురేటర్లు. రంగు పొట్టు లేచి, కింద జింకు తెల్లగా పూసి ఉంది. అన్నీ అక్టోబరు నాటి నూట నలభై నాలుగులోవే. మిగతావి కూడా వెనక్కి వస్తాయని ఉత్తరం. పెయింటర్ రంగును మితిమీరి పలచన చేశాడని, మిగిలిన రంగు ఏమైందో విచారించుకోమని కూడా అందులో రాశారు. కారణం తేల్చకపోతే ఆరు వందల ఆర్డరు లేదు. తేల్చడానికి నెలాఖరున కంపెనీ ఇన్‌స్పెక్టర్ వస్తారు.

రంగు పలచన చేశాడంటే మిగిలిన డబ్బా బయట అమ్ముకున్నాడని అర్థం. ఆయన ఆ ఉత్తరం చదివి మడిచి ముదలాళి చేతికి ఇచ్చేశారు. “నేను కలపలే,” అన్నారు. ఆ రోజు నుంచి ఆయన అన్నం చెట్టు నీడకు తేలేదు. ఓవెన్ పక్కనే నిలబడి తినేవారు.

ఫిబ్రవరి 5న నేను ఆ ముప్పై ఒకటినీ ఒక్కొక్కటే తీసి చూశాను. చాలావాటికి పెద్ద పెద్ద పెళ్లలు లేచిపోయి రూపం తెలియడం లేదు. ఇరవై ఏడోది మాత్రం ఎక్కువ వాడినది కాదు. దాని మీద లేచినది ఒకే ఒక్క చోట, గుండ్రంగా, నుదుటి మధ్యలో. నా ఉంగరపు వేలు తీసుకుపోయి దాని మీద పెట్టాను. సరిపోయింది.

ఆ క్షణమే లేచి వెళ్లి చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదో యాభై ఏళ్లుగా లెక్క వేస్తున్నాను. పూజ కుంకుమ సరుకును పాడు చేసిందని అవ్వ ముందు అనడం ఎలాగన్న భయం కొంత. తుడిస్తే చాలని చెప్పినది నేనే అన్న సిగ్గు కొంత. కానీ అన్నింటి కంటే ఎక్కువ, రుజువు లేదన్న పట్టుదల. ఒక్క మచ్చ చూసి మాట్లాడితే నేను కణక్కమ్మను ఎలా అవుతాను? రుజువు చేసే పద్ధతి ఆయన నాకు నేర్పినదే ఉంది. దానికి తొమ్మిది రోజులు పడుతుంది. ఇన్‌స్పెక్టర్ రావడానికి ఇంకా ఇరవై రోజులు ఉంది. సరిపోతుంది అనుకున్నాను.

6వ తేదీ, గురువారం, మామూలు పనిలో పన్నెండు కార్బురేటర్లు కలిపాను. వాటిలో ఆరు కార్బురేటర్లకు ఎవరూ చూడకుండా బొట్టు పెట్టి, ఒక పూట ఉంచి, అప్పటిలాగే తుడిచాను. మిగతా ఆరుకు పెట్టలేదు. అడుగున గీతలతో గుర్తులు గీశాను. వాటికి రంగు వేసినది ఆయనే. తన పేరు నిలబెట్టే పని మీద ఉన్నానని తెలియకుండానే, ఎప్పటిలాగే జారకుండా, పలచబడకుండా వేశారు. నేను పక్కన నిలబడి గంట రాసుకున్నాను.

పగలు ఎండ, సాయంత్రం కిరోసిన్, ఉప్పునీళ్ల గుడ్డ. 11వ తేదీన బొట్టు పెట్టినవాటిలో ఒకటి ఉబ్బింది. ఒక్కటి చాలదు అనుకున్నాను. 12న మూడు. 13 ఉదయం నాలుగు. పెట్టనివి ఆరూ నున్నగా ఉన్నాయి. ఇంకో రెండు రోజులు, శనివారానికి తొమ్మిది రోజులూ నిండుతాయి. ఆరుకు ఆరు చూపిస్తే ఎవరూ నోరెత్తలేరు.

13న పదిన్నరకు ఇన్‌స్పెక్టర్ వచ్చారు. నెలాఖరుకు రావాల్సిన మనిషి, వేరే పనిమీద ఇటు వచ్చి అలాగే దిగారు. ముదలాళి గదిలో ఇన్‌స్పెక్టర్, ముదలాళి, తలుపు పక్క కుర్చీలో అవ్వ. పెయింటరును పిలిచారు. నన్ను పుస్తకంతో రమ్మన్నారు.

అక్టోబరు పేజీలు చదివాను. కడిగిన గంట, ఆరిన గంట, తుడిచిన గంట. రంగు డబ్బాలు ఎన్ని తెరిచారు, థిన్నర్ ఎంత కలిపారు. ఇన్‌స్పెక్టర్ అన్నీ విని, పుస్తకంలో ఏదైనా రాసుకోవచ్చు, సామాను అబద్ధం చెప్పదు అన్నారు. మంచి మాటే. తప్పు మనిషి మీద వాడారు.

ముదలాళి నా వైపు తిరిగారు. “అమ్మిణీ, ఆ మూడు దినాల్లో ఇంకేమైనా జరిగి ఉండాదా? పుస్తకంలో ఇంకేమైనా ఉండాదా?”

ఆయన రెండు ప్రశ్నలు అడిగారు. నేను రెండోదానికి జవాబు చెప్పాను. లేదు అన్నాను. నా బెంచీ కింద తడిగుడ్డలో ఉబ్బిన నాలుగు కార్బురేటర్లు ఉన్నాయి. అవ్వ కళ్లు మూసుకుని జపమాల తిప్పుతూ ఉంది.

పది రోజులు ఆగి చెప్తానని ముదలాళి ఇన్‌స్పెక్టరును సాగనంపారు. పెయింటరును ఏమీ అనలేదు. ఇంకా పది రోజులుంది కదా అని నాకు ఊపిరి వచ్చింది.

మధ్యాహ్నం సంగు ఊదాక ఆయన నా బెంచీ దగ్గరికి వచ్చారు. అందరూ చెట్టు కింద ఉన్నారు. తొడుగులు తీసి మడత పెడుతూ అడిగారు.

“నీకి కూడా నా మింద అనుమానమా?”

దానికి జవాబు ఒక్క మాట, లేదు అని. ఆ మాట నా నోట్లో ఉంది. కానీ అది అంటే తరువాతి ప్రశ్న వస్తుంది, మరి కారణం ఏమిటని. కారణం ఆరులో నాలుగు మాత్రమే. సగం లెక్క ఎవరికీ చూపే అలవాటు నాకు లేదు.

“శనివారం చెప్తా,” అన్నాను.

“సరి,” అన్నారు. గన్ విప్పి, ప్రతి ముక్కా కడిగి, నూనె రాసి, గుడ్డ మీద వరసగా పెట్టారు. తొడుగులు దాని పక్కన పెట్టారు. సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు వెళ్లిపోయినట్టు నా పుస్తకంలో ఉంది. మరునాటి గడి ఖాళీ.

శనివారం, 15వ తేదీ, ఆరుకు ఆరూ లేచాయి. అన్నీ గుండ్రంగా, నుదుటి మధ్యలో. పన్నెండింటినీ పళ్లెంలో పెట్టుకుని ముదలాళి గదికి వెళ్లాను. ఆయన లేరు, అవ్వ ఉంది. ఆమెకే చెప్పాను. బొట్టంటే గంధం, పసుపు, సున్నం, నూనె అన్నీ కలిసినదే అని, తుడిస్తే ఎరుపు పోతుంది కాని మిగిలినది పోదని, ఆయన తప్పు ఏమీ లేదని. ఆమె ఒక్కోదాని మీదా వేలు పెట్టి తడిమింది.

“పెట్టినదాంట్లో దోషం లేదు కణ్ణూ,” అంది చివరికి. “తుడిచినదాంట్లో ఉండాది. సామికి పెట్టినది గుడ్డతో పోతాదా? కడగాల.” పళ్లెం నా వైపు నెట్టి, “నేను పెట్టమంటిని అని చెప్పు నా కొడుకుతో. నా పేరు చెప్పితే నేనేం అరిగిపోను,” అంది.

నేను పది రోజులు ఎవరికి భయపడ్డానో ఆ మనిషికి ఈ మాట అనడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

ముదలాళి కంపెనీకి పన్నెండూ పంపించారు. వాళ్లు కారణం ఒప్పుకున్నారు, పెయింటర్ మీది మాట వెనక్కి తీసుకున్నారు. ఆరు వందలు మాత్రం అప్పటికే వేరే షాపుకు ఇచ్చేశారు. మదురైకి ముదలాళి ఒక ఉత్తరం రాశారు, నేను రెండు రాశాను. ముదలాళికి జవాబు వచ్చింది, బస్సుల షెడ్డులో పనికి చేరానని, మన్నించమని. నాకు రాలేదు. మాసి నెల వచ్చి పోయింది.

1975 సెప్టెంబరు 14, ఆదివారం, మా బంధువుల ఇంటి శుభకార్యానికని మదురై వెళ్లి, అమ్మను వెంటబెట్టుకుని వాళ్ల గాజుల దుకాణానికి పోయాను. ఆదివారాలు ఆయన దుకాణంలో కూర్చుంటారని అంతకు ముందే తెలుసుకున్నాను. ఇల్లు దుకాణం వెనకే. ఆయన భార్య మాకు కాఫీ తెచ్చింది. పెళ్లయి అప్పటికి పందొమ్మిది రోజులు. మంచి పిల్ల. అమ్మ ఆమెతో లోపలికి వెళ్లింది.

నేను సంచిలోంచి రెండు కార్బురేటర్లు తీసి గాజుల పెట్టెల మధ్య పెట్టాను. ఒకటి నున్నగా, ఒకటి లేచి. జరిగినది వరసగా చెప్పాను, తేదీలతో. ఆయన లేచినదాని మీద బొటనవేలితో మెల్లగా రుద్దారు.

“శనివారం చెప్తానంటే ఇదేనా,” అన్నారు.

ఇదే అన్నాను.

“నాకి రుజువు ఏలమ్మా? ఇట్ల అనిపిస్తా ఉండాది అని ఆ దినం ఒక మాట చెప్పుంటే చాలు. నీ పుస్తకాన్ని నమ్మినోణ్ణి, నీ మాటను నమ్మనా?”

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. అమ్మ బయటికి వచ్చి, వచ్చినందుకు ఒక డజను గాజులు కొందామంది. ఆయన లేచి, నా చేతి సైజు అడగకుండానే పెట్టె తీసి డజను గాజులు దారానికి కట్టి ఇచ్చారు. ఇంటికి వచ్చి వేసుకుంటే సరిగ్గా సరిపోయాయి.

ఆ తరువాత మా షాపులో ఆయుధ పూజకు సరుకు మీద కాగితం పరిచి, బొట్టు కాగితానికి పెట్టేవాళ్లం. నా పుస్తకంలో పూజకు ఒక గడి గీశాను. కిరోసిన్ ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు వచ్చేవరకూ రంగు గది నడిచింది. తరువాత వచ్చిన పెయింటర్లు అందరూ మంచివాళ్లే. రంగు బాగానే వేసేవారు. నేను బిరడాలు ఆపి ఎవరి చేతినీ చూడలేదు. పెళ్లి చేసుకోలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందా అని మా చెల్లెలు ఒకసారి అడిగింది. రుజువు లేదన్నాను.

పిల్లలూ, లెక్క సరిగ్గా ఉండాలని మీకు అందరూ చెప్తారు. నేనూ అదే చెప్తాను. పక్కన ఒక మనిషి చేయని తప్పు మోస్తూ నిలబడి ఉంటే మాత్రం సగం లెక్కైనా చెప్పేయండి. మిగతా సగం తరువాత వేసుకోవచ్చు.

ఇక పోయినవి. వెనక్కి వచ్చిన కార్బురేటర్లు నూట నలభై నాలుగు. వాటిలో రంగు గీకి మళ్లీ వేయగలిగినవి నూట ఇరవై ఒకటి, పారేసినవి ఇరవై మూడు. రాకుండా పోయిన ఆర్డరు ఆరు వందలది. దానితో పని దొరికి ఉండాల్సిన ఆడవాళ్లు ఆరుగురు. పెయింటర్ ఒకరు. నోరు తెరవగలిగి తెరవని రోజులు, ఫిబ్రవరి 5 నుంచి 13 వరకు, రెండు చివరలూ కలుపుకొని, తొమ్మిది.